రెండు పేజీల మధ్య

ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్‌ని ఎలా వాడాలో చెప్పే పేజీలు రాసే బృందంలో అందరూ ఆయన్ని లింకులాయన అంటారు. ‘వివరాలకు ఫలానా పేజీ చూడండి’ అని ఎక్కడ కనబడినా, చల్లారిన కాఫీ పక్కకు జరిపి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, నొక్కి చూస్తాడు. లింకులన్నీ పనిచేస్తున్నాయని తనిఖీ ప్రోగ్రాం పచ్చరంగు చూపినా సరే, తన వేలితో నొక్కితే గాని ఆయనకు ముద్ద దిగదు. ఇవాళ పొద్దున ఒకామె రాసింది: “పోయిన ఫైళ్లు తిరిగి తెచ్చుకోవడం ఎలాగండీ? గంట నుంచి రెండు పేజీల మధ్యే తిరుగుతున్నాను.” ఆయనా తిరిగాడు. మొదటి పేజీ రెండోది చూడమంది, రెండోది మొదటిదాన్నే చూడమంది. లింకులు నిక్షేపంగా ఉన్నాయి, విషయమే ఎక్కడా లేదు. ఈ ఘనకార్యం ఎవరిదా అని పాత మార్పుల చిట్టా తిరగేస్తే, రెండు పేజీలూ తనవే. ఏడాది తేడాతో రాసినవి. నాలుక కరుచుకుని, ఆ పద్ధతంతా మొదటి పేజీలోనే పూసగుచ్చినట్టు రాసి ఆమెకు పంపాడు.

అంతలో వాళ్లమ్మ గుమ్మంలోకి వచ్చింది.

“కళ్ల డాక్టరు దగ్గరికి ఎవరు తీసుకెళతారని కోడల్ని అడిగితే, నిన్నడగమందిరా. నిన్న నువ్వేమో దాన్నడగమన్నావు.”

లింకులాయన లేచి చెప్పులు వేసుకున్నాడు.