అమ్మకు పెట్టిన పేరు

మా అమ్మకు ‘గూడ్స్ బండి’ అని పేరు పెట్టింది నేనే. అప్పుడు నాకు పదేళ్లు. ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో పెరిగిన పిల్లకి అంతకన్నా పెద్ద ఉపమానం తట్టదు. వంటింట్లోంచి వరండాలోకి వచ్చేలోపు అమ్మ సిగ్నల్ కోసం ఎక్కడెక్కడ ఆగుతుందో అభినయించి ఇంటిల్లిపాదినీ నవ్వించేదాన్ని. నానమ్మ మాత్రం నవ్వేది కాదు. “బద్దకం, ఇంకేటి?” అనేది.

నిరుడు నాకూ అదే పట్టుకుంది. మే నెలలో ఆఫీసులో ఫ్యాను ఆపమనేదాన్ని. జుట్టు దువ్వెనతో పాటు వచ్చేసేది. మొహం ఉబ్బింది, గొంతు బొంగురుపోయింది. ఒక్క ఫైలు చదవడానికి ఒక పూట పట్టేది. రైల్వే ఆఫీసు కనక ఈ చివరిది ఎవరికీ అనుమానం కలిగించలేదు. పక్క సీటు బెంగాలీ దాదా మాత్రం, “దీదీ, ఈ మధ్య జోకులు మానేశావే?” అన్నాడు. వెయ్యాలనిపించడం లేదని నాకూ అప్పుడే తెలిసింది. దానికి బాధ కూడా కలగలేదు.

ఊళ్లోనే మలంచా పేటలో ఉండే డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితం చూసింది. గొంతులో ఉన్న థైరాయిడ్ గ్రంథిని నా ఒంటి కాపలావాళ్లే దొంగ అనుకుని కొడుతున్నారట. ఎందుకని అడిగాను. ఇందుకే అని కచ్చితంగా ఎవరూ చెప్పలేరు, కానీ కుటుంబాల్లో నడుస్తుంటుంది అంది.

“ఇంట్లో ఇలా ఇంకెవరైనా ఉన్నారా?”

వరండా దాకా రావడానికి మూడుచోట్ల ఆగే మనిషి ఒకరున్నారు.

అమ్మ రక్తం ఇవ్వనంది. “నాకేటి రోగం? బద్దకమే కదా. ఇన్నేళ్లూ అందరూ సెప్పినారు.”

“ఆ అందరిలో నేనూ ఉన్నానమ్మా. తప్పు సెప్పినానేమో సూద్దాం, రా.”

టోటోలో, అదే బ్యాటరీ రిక్షాలో, తీసుకెళ్లాను. ఆ ఎండలో దారంతా అమ్మ స్వెటర్ తియ్యలేదు.

రిపోర్టులో నాకున్నదే ఉంది, నాకన్నా ఎక్కువగా. ఏడవాల్సిన చోటని తెలుసు. ఏడుపు రాలేదు. అమ్మ కాగితం నా చేతికిచ్చింది. “మీ నానమ్మ కాడ గట్టిగా సదువు. సెవుడు కదా.”

చదివాను. మళ్లీ చదివాను. బద్దకం కాదు, జబ్బు అని మూడోసారి కేకేశాను. నానమ్మ అంతా విని, “అయితే టీ ఎవులు పెడతారు?” అంది.

అమ్మ లేవబోయింది. “కూకో” అని నేనే వెళ్లాను. గ్లాసులు పట్టుకుని వరండాలోకి వచ్చేలోపు రెండుసార్లు ఆగి గోడకి ఆనుకున్నాను. అమ్మ అటే చూస్తోంది.

“సిగ్నల్ ఇయ్యలేదేటే?” అంది.