గిడ్డమ్మ ఇంటి ముందర దిబ్బ లేదు

తెల్లవారగానే గిడ్డమ్మ బావిలోంచి మొదటి చేద తోడి, ఆ నీళ్లు తెల్ల పింగాణీ గిన్నెలో పోస్తుంది. గిన్నెను వెలుగుకేసి వంచి, ఒక కన్ను మూసి చూస్తుంది. అడుగున తెలుపు కనిపిస్తేనే కడవ నింపుతుంది. కనిపించని రోజు ఈ మధ్య రాలేదు. అయినా చూస్తుంది. "గిడ్డమ్మ నీళ్లకు పెండ్లిచూపులు చేస్తాండాది" అని వీధిలో నవ్వుతారు. ఆమె కూడా నవ్వుతుంది. నిజంగా పెళ్లిచూపుల మాట వచ్చిన రోజు మాత్రం ఆమెకు నవ్వు రాలేదు.

మా ఊరు కోసిగికి దగ్గర. ఇక్కడ ఇంటి గొప్ప ఇంటి ముందరి పేడదిబ్బను బట్టి తెలుస్తుంది. పేడ, కసువు, బూడిద ఏడాదంతా దాని మీదే పోస్తారు. దిబ్బ ఎంత ఎత్తయితే కొట్టంలో అంత పశుసంపద ఉన్నట్టు. దీపావళికి దాని మీద దీపం పెడతారు. సంబంధానికి వచ్చిన పిల్ల తండ్రి మొదట తన చేతికర్ర దిబ్బలో గుచ్చి చూస్తాడు, ఆ తర్వాతే ఇంట్లోకి వస్తాడు. ఎద్దులనైతే ఎవరినో అడిగి ఒక పూటకు తెచ్చి కట్టేసుకోవచ్చు. దిబ్బను ఎవరు అడిగి తెస్తారు?

వీధిలోకెల్లా ఎత్తైన దిబ్బ గిడ్డమ్మదే. భర్త పోయాక, ఆడమనిషి సేద్యం ఏం చేస్తుందిలే అన్నవాళ్లకు ఆ దిబ్బే ఆమె జవాబు. అది బావిని ఆనుకునే ఉండేది.

యాభై ఆరులో దావీదురాజు అనే గ్రామసేవక్ మా ఊరికి వచ్చాడు. నందికొట్కూరు వైపు మనిషి. దిబ్బలను ఊరి బయట గుంతల్లోకి మార్చండి, ఈగలు తగ్గుతాయి, బావి నీళ్లు బాగుంటాయి అని చావడి దగ్గర చెప్పాడు. "లచ్చిమిని ఊరి బయట పారేయమంటావేమప్పా?" అంది గిడ్డమ్మ పక్కింటి భీమమ్మ. అందరికంటే గట్టిగా నవ్వింది గిడ్డమ్మే.

ఆ ఏడు మొదటి వానకు చేదలో నీళ్లు బెల్లం పానకం రంగులో వచ్చాయి. కొత్త నీరులే అని అందరూ తాగారు. గిడ్డమ్మ ఒక్కగానొక్క కొడుకు ఆంజనేయకు వాంతులూ బేదులూ పట్టుకున్నాయి. బండిలో ఆదోని ఆస్పత్రికి తీసుకుపోతుంటే అతని కళ్లు లోపలికి పోయాయి. ఎట్లాగో బతికాడు. కొడుకును తెచ్చుకున్న రోజు మళ్లీ వాన. బండి దిగిన గిడ్డమ్మకు దిబ్బ అడుగు నుంచి ఒక సన్నని గోధుమరంగు ధార బావి గట్టు పగులులోకి దిగడం కనిపించింది. ఎన్నేళ్లుగా దిగుతోందో! ఆమె తడుస్తూ అక్కడే నిలబడిపోయింది.

వాన వెలిసిందో లేదో పార పట్టుకుంది. బండ్లకు బండ్లు దిబ్బ ఊరి బయట గుంతకు పోతుంటే జనం మిద్దెలెక్కి చూశారు.

"ఇంగ నీ కొడుక్కి పిల్లనెవరిస్తారే?" అంది భీమమ్మ.

గిడ్డమ్మ ఇంకో పారెడు ఎత్తి బండిలో పోసింది.

ఆ మాటకు బదులు చెప్పాల్సిన రోజు మరుసటి ఏడు వైశాఖంలో వచ్చింది. కౌతాళం వైపు రైతు పెద్ద ఈరన్న, తన కూతురు ఉరుకుందమ్మ కోసం ఇల్లు చూడడానికి వస్తానని కబురు పెట్టాడు. ఆ పిల్లను ఆంజనేయ ఉరుకుంద గుడి తిరునాళ్లలో చూశాడు. అప్పటి నుంచి ఆ పేరు వింటే అతని చెవులు ఎర్రబడతాయి. ముందురోజు సాయంత్రమంతా తల్లి వెనకే తిరిగాడు.

"అమ్మా, ఒక్క దినమే. గుంతలోది రెండు బండ్లు తెచ్చి ఈడ పోద్దాం. వాళ్లు పోతానే ఎత్తేద్దాం."

"పడమట మబ్బు చూసినావా?"

"వాన పడితే పడనీలే! ఈ సంబంధం తప్పిపోతే..."

"పోయినేడు వానకే నువ్వు పోయింటే సంబంధం ఎవరికి చూస్తాంటిరా?"

ఆంజనేయ అన్నం తినకుండా పడుకున్నాడు. గిడ్డమ్మా తినలేదు.

మరునాడు నేను ఎదురుగా ఉన్న మా మిద్దె మీద పిట్టగోడ వెనక పుస్తకం పట్టుకుని కూర్చున్నాను గాని ఒక్క పుట తిప్పితే ఒట్టు. కింద పెద్ద ఈరన్న బండి దిగి, కర్ర ఎత్తి పట్టుకుని అటూ ఇటూ చూశాడు.

"దిబ్బ యాడమ్మా?"

"ఊరి బయట గుంతలో ఉండాదన్నా."

ఆయన కొట్టంలోని ఎద్దుల జతను చూశాడు. "ఎద్దులు బాగుండాయి. ఎవరివి?"

"మావే!"

"దిబ్బ లేని ఎద్దులు! పేడ వెయ్యవేమో పాపం."

వెంట వచ్చినవాళ్లు పకపకా నవ్వారు. ఆంజనేయ నీళ్ల చెంబు అందిస్తే ఆయన చేతితో వద్దన్నాడు. మా వైపు, పిల్లను ఇయ్యదలుచుకున్న ఇంట్లోనే మంచినీళ్లు ముట్టుకుంటారు. ఆయన వెనుదిరిగి బండి వైపు నడిచాడు. గిడ్డమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సరిగ్గా అప్పుడే భీమమ్మ చీపురు ఎత్తి సందులోంచి దూసుకొచ్చింది. ఎవరు వచ్చారో కూడా చూడలేదు.

"ఏమ్మే గిడ్డమ్మా! నీ కొమ్ము విరిగిన ఎద్దు పొద్దున్నే పలుపు తెంపుకొని మళ్లీ నా గడ్డివామి మేసిండాది! కోడెదూడప్పటి నుంచీ దానికి నా గడ్డే రుచి! ఎన్నేండ్లు మేపల్లమ్మే నీ ఎద్దుల్ని?"

పెద్ద ఈరన్న ఆగాడు. "ఎవరి ఎద్దమ్మా?"

"ఇంకెవరిదప్పా, ఈమెదే! నువ్వు కొనేదానికి వచ్చినావా? తోలుకొని పోప్పా, నీకు శానా పుణ్యముంటాది!"

వీధంతా గొల్లున నవ్వింది. పెద్ద ఈరన్న కర్ర మీద వాలి భుజాలు ఊగేలా నవ్వాడు. సంగతి అర్థమై భీమమ్మ నాలుక కరుచుకుంది.

కాని ఆయన ఇంకా నీళ్లు అడగలేదు.

"ఎద్దులు నీవేనమ్మా, ఒప్పుకుంటా. మరి దిబ్బ ఎందుకు తీసేసినావు? దిబ్బ లేని ఇంటికి పిల్లనిచ్చినావే అని రేపు మా ఊళ్లో నవ్వరా?"

గిడ్డమ్మ బావి దగ్గరకు పోయి, గట్టు పగులులో పూడ్చిన సున్నం చూపించింది.

"దిబ్బ నీళ్లు ఈడ దిగుతాండె అన్నా. వీధిలో నా దిబ్బే పెద్దదని పొగరుగా ఉంటి. నా కొడుకు ఆ నీళ్లే తాగి సావుదాకా పోయినాడు. నీ కూతురు ఈడికొస్తే ఈ బావి నీళ్లే తాగల్ల. అందుకే నిన్న మావాడు ఎంత బతిమాలినా దిబ్బ పెట్టనియ్యల్యా."

పెద్ద ఈరన్న మొహంలో నవ్వు పోయింది.

"మా అన్న కొడుకు కూడా... మొదటి వానకే," అన్నాడు. "కొత్త నీరులే అనుకుంటిమి."

కాసేపు బావిలోకి చూశాడు. తర్వాత కర్ర గట్టుకు ఆనించాడు.

"నీళ్లియ్యి చెల్లెలా."

గిలక కీచుమంది. ఆ సంబరంలో గిడ్డమ్మకు చెంబు కనబడలేదు. చేతికందిన తెల్ల పింగాణీ గిన్నెలోనే పోసింది. ఆయన తాగబోయి ఆగి, గిన్నె అడుగు చూసి, గటగటా తాగేశాడు. మిద్దెల మీద ఒకటే ఈలలు! ఆంజనేయ కొట్టంలోకి పరుగెత్తి కొమ్ము విరిగిన ఎద్దు మెడ కావలించుకున్నాడు. సాయంత్రం భీమమ్మ ఓళిగలు, అంటే బొబ్బట్లు, చేసి పంపింది. ఆ సంబంధం తన గడ్డివామి వల్లే కుదిరిందని వీధంతా చెప్పుకొని తిరిగింది.

తర్వాత వీధిలో కొందరు గుంతలు తవ్వారు. భీమమ్మ మాత్రం తవ్వలేదు.

గిడ్డమ్మ ఇప్పుడు కొడుకు, కోడలితో ఆ ఇంట్లోనే ఉంటోంది. దిబ్బ ఉన్నచోట ఉరుకుందమ్మ బీరపాదు పెట్టింది.