మంచం కింది ఓర్మన్

మా తాత రాయమల్లు ఏ ఇంట్లోకీ ఊరికే అడుగు పెట్టడు. దర్వాజ ముందు ఆగుతాడు. ఎడమ అరచేయి గోడకు ఆనిస్తాడు. కుడి చేతిలోని కట్టె పైకెత్తి దర్వాజ పైపట్టెను రెండు దెబ్బలు కొడతాడు. గోడ ఏం చెప్పిందో అరచేతితో వింటాడు. ఆ తర్వాతే లోపలికి వస్తాడు.

బొగ్గుబాయిలో బతుకంతా ఆయన చేసిన పని అదే. అందరికంటే ముందు పోయి కప్పు కొట్టి చూడటం, వదులుగా ఉన్న చోట దుంగలు నిలబెట్టడం. కప్పు గట్టిగా ఉంటే చేతికి ఏమీ తెలియదట. వదులైతే అరచేతిలో జుమ్మంటుందట. ఆయన రిటైరై ఎన్నో ఏళ్ళయినా ఆ చేయి మాత్రం ఇంకా డ్యూటీ దిగలేదు. మా మేనత్త గృహప్రవేశానికి పోయి, పట్టుబట్టలు కట్టుకున్న చుట్టాలందరి ముందు కొత్త దర్వాజను కొట్టి "జర వదులున్నది" అన్నాడు. మా మామ చాలా రోజులు మా గల్లీ మొహం చూడలేదు. దవాఖానకు పోతే డాక్టర్ గది తలుపు పైపట్టె కొడతాడు. లోపలి నుంచి డాక్టర్ "రండి" అంటాడు. తాతకు వినబడదు, ఇంకోసారి కొడతాడు. డాక్టరే లేచి వచ్చి తలుపు తీస్తాడు.

చెవులు బాయిలోనే పోయాయి. డ్రిల్లు మిషన్ల మోత, మందుగుండు పేలుళ్ళ మోత కలిసి వాటిని తినేశాయి. ఇప్పుడు చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తే సగం వింటాడు, మిగిలిన సగం మన మొహం చూసి అల్లుకుంటాడు.

కిందటి వానకాలంలో మా అవ్వ పూలమ్మ పెరట్లో జారిపడింది. పది తప్పి కుట్టుమిషన్ పట్టినదాన్ని నేను. ఆ రోజు కుట్టిన జాకెట్లు ఇచ్చి రావడానికి బజారుకు పోయాను. అవ్వ పిలిచింది, అరిచింది, తిట్టింది. మా అవ్వ తిట్లు గోదావరి అవతలి ఒడ్డున కూడా వినబడతాయి. తాత మాత్రం ముందర అరుగు మీద వీపు తిప్పి కూర్చుని నిమ్మళంగా బీడీ తాగుతున్నాడు. నేను వచ్చేసరికి అవ్వ బురదలోనే పడి ఉంది. కాలు విరిగింది, గొంతు కూడా పోయింది. తాత వచ్చి ఆమెను ఎత్తుకున్నాడు.

అవ్వ కట్టు విప్పించుకుని కుంటుకుంటూ నడవడం మొదలుపెట్టాక తాత ఒకరోజు అన్నాడు: "మనింట్ల ఒక చెవి గావాలె. కుక్కను తెస్త."

"కాలు విరిగింది నాది, కుక్క నీకా?" అన్నది అవ్వ. "నీ తాత సాదిండా, నా తాత సాదిండా కుక్కను? మనిషిని సాదుడే రాదు నీకు."

తాత నవ్వాడు. వినబడలేదో, వినబడనట్టు చేశాడో, అది ఆ దేవుడికే తెలియాలి.

సెంటినరీ కాలనీకి పోయే తొవ్వలో మూతపడ్డ రైస్‌మిల్లు ఒకటి ఉంది. దాని ఆవరణలో మహెజబీన్ అక్క దెబ్బలు తిన్న కుక్కలను సాదుతుంది. గేటు దగ్గరే ఒక మాట చెప్తారు: కట్టెలు, గొడుగులు బయట పెట్టి రండి. గుడి ముందు చెప్పులు విడిచినట్టు తాత కట్టెను బయట పెట్టాడు. ఎందుకని ఆయన అడగలేదు, నేనూ అడగలేదు.

ఆరుబయట జాలీల వెనక కుక్కలన్నీ తోకలూపుతూ మొరుగుతున్నాయి. వాటన్నిటినీ దాటి తాత చివరి జాలీ దగ్గర ఆగాడు. అక్కడ ఎర్రమట్టి రంగు కుక్క ఒకటి మొహం గోడకు పెట్టుకుని పడుకుంది.

"అది వద్దు తాతా," అన్నది మహెజబీన్ అక్క. "ఎవరో కట్టేసి కొట్టిండ్రు దాన్ని. రెండిండ్లకు ఇచ్చిన. రెండిండ్లల్ల కరిచి వాపస్ వచ్చింది."

నేను ఆ మాటలు తాత చెవిలో అరిచాను. తాత చేయి ఊపాడు. "దాని చెవులు చూడు. ఒకటి మన దిక్కు, ఒకటి రోడ్డు దిక్కు. గిదే గావాలె నాకు."

అక్క చివరికి నాతో చెప్పింది: "కొట్టద్దు, కట్టెయ్యద్దు, మీదికి పోవద్దు. అదే రావాలె. ఎండకాలం అయ్యేదాక చూస్త. అప్పటికీ కరుస్తనే ఉంటే నేనే వచ్చి తీస్కపోత. గప్పుడు ఇంక దానికి ఇల్లుండదు సంతోషీ. బతికినన్ని దినాలు గీ జాలీ ఎనకనే."

తాత దానికి ఓర్మన్ అని పేరు పెట్టాడు. ఓవర్‌మన్ అంటే బాయిలో కార్మికుల మీద అధికారి, మా వాళ్ళ నోట్లో ఓర్మన్. బతుకంతా ఓర్మన్ మాట విన్న మనిషికి ఇప్పుడు ఓర్మన్ దొరికాడు, అదీ మంచం కింద. ఇంటికి వచ్చిన రోజే ఆ కుక్క తాత మంచం కిందికి దూరింది, మరి సులువుగా బయటికి రాలేదు. పళ్ళెం అక్కడికే తోసేవాళ్ళం. మేం అటు తిరిగి కూర్చుంటేనే తినేది.

అంత వరకైతే ఓర్చుకునేవాళ్ళం. కానీ తాత చాయ్ తాగి ఇంటికి వచ్చినప్పుడల్లా అది గొంతు కోసినట్టు అరిచేది, ఉన్న చోటే తడిపేసేది. అవ్వ కుంటుకుంటూ బండలు కడిగేది. "చెవి తెస్తనని కారే నల్లా తెచ్చిండు," అనేది.

మేం బ్లాస్టింగ్‌ను అనుమానించాం. ఓపెన్‌కాస్టు గని మా ఇంటికి దగ్గర. మధ్యాహ్నం సైరన్ మోగుతుంది, తర్వాత భూమి ఒక్కసారి ఎగిరిపడుతుంది, అల్మారాలో గిన్నెలు గలగలమంటాయి. ఆ వేళకు తాత తన పాత కంపెనీ దుప్పటి మంచం చుట్టూ కట్టేవాడు. సైరన్ తనకు వినబడదు కనుక నా మొహమే చూస్తూ కూర్చునేవాడు. నేను తల ఊపగానే నేల మీద పడుకుని మంచం కిందికి మాటలు చెప్పేవాడు. "ఏంగాదు ఓర్మన్ సాబ్, గది దూరం, మనది గాదు." అవ్వ ఉప్పు, ఎండు మిరపకాయలతో దిష్టి తీసింది. ఆ ఘాటుకు కుక్కతో పాటు తాత కూడా దగ్గుకుంటూ బయటికి పరుగెత్తాడు.

ఏం చేసినా తగ్గలేదు. ఒకరోజు తాత బిస్కెట్ పుడతో వచ్చాడు. ఎప్పటిలాగే దర్వాజ దగ్గర ఆగి, లోపలికి వచ్చి, కట్టె చంకలో పెట్టుకుని వంగాడు. ఓర్మన్ బిస్కెట్‌ను వదిలి చేతిని పట్టింది. ఎడమ చేయి, కప్పు మాట వినే చేయి. సూదులు వేయించుకుని వచ్చిన తాత చేతికి కట్టిన కట్టును తిప్పి తిప్పి చూసుకున్నాడు గానీ కుక్కను ఒక్క మాట అనలేదు. "కొత్తది గదా. మొదటి షిఫ్టుకు నేను గూడ గిట్లనే భయపడ్డ," అన్నాడు.

తర్వాత పక్కింటి పోశం కాక ఎండకు గొడుగు పట్టుకుని మా అరుగెక్కి, గొడుగు మూశాడో లేదో ఓర్మన్ మంచం కింది నుంచి దూసుకొచ్చి పిక్క పట్టింది. పోశం కాక గల్లీ అంతా వినేలా అరిచాడు: "రాయమల్లన్నా, నువ్వు సాదుతున్నది కుక్కనా, పులినా? రేపు నా మనుమరాలిని కరిస్తే ఎవ్వడు జవాబు? పంపు దాన్ని, లేకుంటే నేనే ఫోన్ కొడత!"

అన్నట్టే ఫోన్ కొట్టాడు. ఎండలు తగ్గుతుండగా మహెజబీన్ అక్క ఆటోలో ఇనుప పంజరం వేసుకుని వచ్చింది.

తాత ఇంట్లో లేడు. పొద్దున్నే ఓర్మన్‌కు పాలన్నం పెట్టి, పళ్ళెం ఖాళీ అయ్యేదాకా గోడ వైపు తిరిగి కూర్చుని, లేచి చాయ్ హోటల్‌కు పోయాడు. చూడలేకే పోయాడని నాకు తెలుసు. అక్క బండల మీద కూర్చుంది. కాసేపటికి మంచం కింది నుంచి ఎర్రటి మూతి బయటికి వచ్చి అక్క పాదం మీద ఆనింది.

"చూడు, ఎంత నిమ్మళంగ ఉన్నదో," అన్నది అవ్వ. ఆమె గొంతులో కోపం లేదు. "మా మీదనే దానికి పగ."

అప్పుడే తాత వచ్చాడు. దర్వాజ ముందు ఆగాడు. చేయి గోడకు ఆనించాడు. కట్టె లేచింది.

ఓర్మన్ అరుపు విని అక్క ఉలిక్కిపడి లేచింది. మంచం కింద నేల తడిసింది.

"ఆ చప్పుడేంది?" అన్నది అక్క.

"ఏం చప్పుడు?" అవ్వా, నేనూ ఒక్కసారే అన్నాం.

"కట్టెతోని కొట్టిండు గదా, ఇప్పుడు!"

అవ్వ, నేను మొహాలు చూసుకున్నాం. నేను పుట్టినప్పటి నుంచి వింటున్న చప్పుడు అది. మా ఇంట్లో అది చప్పుడే కాదు, తాత వచ్చాడని తెలియడం, అంతే. గేటు దగ్గర కట్టె ఎందుకు బయట పెట్టించారో, పోశం కాక గొడుగు మూసినప్పుడు ఏం జరిగిందో, అన్నీ ఒకేసారి నా తలలో పడ్డాయి.

తాత చెవిలో నోరు పెట్టి అరిచాను. "తాతా, కట్టె లేపుతున్నవ్. కొడతవని భయపడుతున్నది!"

"ఏ కట్టె?" అన్నాడు. తర్వాత తన చేతిలోకి చూసుకున్నాడు, ఎవరో వచ్చి అందులో పెట్టిపోయినట్టు. "నేను కొట్టలే. ఒక్క దెబ్బ కొట్టలే దాన్ని," అన్నాడు.

"నువ్వు కొట్టలే తాతా. గాని లేపద్దు. ఇంక ఎన్నడూ లేపద్దు," అని అక్క సైగలతో చెప్పింది.

"చూడకుంట లోపటికెట్ల వస్త?"

అక్కకు అర్థం కాలేదు. తాతకు వినబడదు కనుక అవ్వ ఆయన ముందే చెప్పింది. "సదానందం అని బాయిల ఈయన జోడీ ఉండె బిడ్డా. ఒక్కనాడు ఈయన కట్టె తీస్కొని వచ్చేలోపట, నిన్ననే చూసినం గదా, ఏంగాదు అని ముందుకు పోయిండు. కప్పు కూలింది. ఈయన చేతులతోని బొగ్గు తవ్వి తీసిండు. అప్పటి సంది గిట్లనే. చూడని కప్పు కింద నిలబడడు."

అక్క పంజరాన్ని ఆటోలోనే ఉంచింది. పోతూ తాత చేయి పట్టుకుని, "వానలు పడ్డంక మల్ల వస్త. అప్పటికి నిమ్మళం గాకుంటె తీస్కపోత. ఇది ఇల్లు తాతా, బాయి గాదు. ఏంగాదు," అన్నది. ఆ చివరి మాటను తాత ఆమె పెదవుల మీద చదివాడు. మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

తాత దానికి ఉపాయం కనిపెట్టాడు. మంచం వాకిట్లో వేశాడు. ఆకాశానికి కట్టె అక్కర్లేదు కదా. తిండి అక్కడే, పడక అక్కడే. ఇంట్లోకి రావడం మానేశాడు. రెండు రోజులకు ఓర్మన్ కూడా గోడ వెంట పాక్కుంటూ బయటికి వచ్చి మంచం కింద చేరింది. తాత కట్టె దూరంగా గోడకు ఆనించి ఉండేది. "పెండ్లయిన ఇన్నేండ్లకు ఇల్లు ఇడిచిపెట్టిండు, కుక్క కోసం," అని అవ్వ గల్లీ అంతా చెప్పుకుంది. అరుపులు ఆగాయి. పోశం కాక దూరం నుంచి చూసి, గొడుగు వీపు వెనక దాచుకుని పోయేవాడు.

తర్వాత వాన వచ్చింది. పట్టపగలే మొగులు దించుకుని దబదబా కురిసింది. తాత మంచం మీదే కూర్చున్నాడు. నులకలోంచి నీళ్ళు కారి కింద ఓర్మన్ మీద పడుతున్నాయి. దర్వాజలో నిలబడి అవ్వ చేతులు ఊపుతూ తిడుతోంది. "రావయ్యా! నిమోనియ వస్తె నేను ఎవనికి చెప్పుకోవాలె?" కుక్క వణుకుతోంది. తాతను విడిచి అది లోపలికి రాదు. కట్టె లేకుండా తాత రాడు.

తాత లేచి గోడ దగ్గరికి పోయాడు. చేయి అలవాటుగా కట్టె మీద పడింది. ఓర్మన్ నేలకు అంటుకుపోయింది. తాత దాన్ని చూశాడు, కట్టెను చూశాడు. కట్టెను అక్కడే వానలో విడిచిపెట్టాడు.

దర్వాజ ముందు ఆగాడు. కరిచిన మచ్చ ఉన్న చేయి గోడకు ఆనించాడు. దెబ్బ లేకుండా గోడ ఏం చెప్తుంది? అయినా చాలాసేపు అలాగే నిలబడ్డాడు. నేను ఆయన ఎదురుగా ఉన్నాను. తాత కళ్ళు గట్టిగా మూసుకుని, అంత ఎత్తు దర్వాజలో తల బాగా వంచి, భుజాలు బిగించి లోపలికి వచ్చాడు. వచ్చి ఇంటి నడుమ నిలబడి పైకే చూస్తూ ఉన్నాడు. ఒంటి మీది నీళ్ళు బండల మీద మడుగు కట్టాయి. అవ్వ మడుగు దాటి వచ్చి ఆయన భుజం మీద తువ్వాలు వేసింది.

ఓర్మన్ గడప దాకా వచ్చింది. ముందు కాళ్ళు లోపల, వెనక కాళ్ళు వానలో. తాత మెల్లగా నేల మీద కూర్చున్నాడు. "ఓర్మన్ సాబ్, నేనైతే చూడకుంటనే వచ్చిన. ఇంక నీ ఇష్టం," అన్నాడు. అది వెంటనే రాలేదు. వాన తగ్గాక, మేం అటు తిరిగి కూర్చున్నాక, తడి అడుగులు గోడ వెంట పోయి మంచం ఉండే ఖాళీ జాగాలో ఆగాయి.

మహెజబీన్ అక్క మళ్ళీ వచ్చి చూసి, ఖాళీ చేతులతో పోయింది. ఓర్మన్ మా దగ్గరే ఉంది. కానీ తాతకు లోపల నిద్ర పట్టదు. కళ్ళు కప్పు మీదే ఉంటాయి, ఎడమ అరచేయి గోడకే ఉంటుంది. తిండి తగ్గింది. మధ్యాహ్నం బ్లాస్టింగ్‌కు గిన్నెలు గలగలమని, పైనుంచి సున్నం పొడి రాలితే కుక్క తల ఎత్తి తాతను చూస్తుంది. తాత కప్పును చూస్తాడు. ఇద్దరూ వణుకుతారు. ఇద్దరిలో ఒక్కరూ లేచి బయటికి పోరు.

"ఇద్దరు పిరికోళ్ళ నడుమ పడ్డది నా బతుకు," అంటుంది అవ్వ, రాలిన సున్నం ఊడుస్తూ.