బాలు చేయించుకున్న ఆపరేషన్

పర్చూరు దగ్గర ఒక పల్లెలో బాలు వ్యవసాయం చేస్తాడు. నల్లరేగడి నేల, పత్తీ మిరపా వేస్తాడు. నలభై దాటాయి, పెళ్ళి కాలేదు. ఆ చుట్టుపక్కల ఇది వింతేమీ కాదు. పొలం చేసుకునేవాడికి పిల్లనివ్వడం ఎప్పుడో తగ్గిపోయింది. వీధికి ఒకరిద్దరు అలాంటివాళ్ళున్నారు. అయితే వాళ్ళ ఇళ్ళల్లో అమ్మో, వదినో ఉంది. బాలుకి ఎవరూ లేరు. తల్లి పోయాక వంట తనే చేసుకుంటున్నాడు. తినేటప్పుడు టీవీ పెట్టుకుంటాడు. అందులో ఏమొస్తోందో చూడడు. ఇంట్లో ఓ మనిషి గొంతు వినబడితే చాలు.

సంబంధాలు చూసే కోటిరత్నం ఓ రోజు ఇంటికొచ్చింది. మంచినీళ్ళు తాగి, గ్లాసు పక్కన పెట్టి, విషయంలోకి వచ్చేసింది.

"అబ్బాయ్, కొత్త ఫొటో ఏదన్నా ఉంటే ఇవ్వు. ఇది పంపి పంపి నాకే విసుగొచ్చింది."

"దానికేమైంది పిన్నిగారూ?"

"ఏమవుద్ది? మొన్న ఒంగోలు వాళ్ళమ్మాయి చూసి, గడ్డం కింద ఇంకో గడ్డం ఉందేంటి, యాభై ఏళ్ళాయనలాగా ఉన్నాడు అందంట. నువ్వేం బాధపడమాక. ఉన్న మాట చెప్తున్నా."

బాలు నవ్వేశాడు. ఆమె వెళ్ళాక అద్దం ముందు నిలబడ్డాడు. మనిషి మరీ లావేం కాదు. కానీ గదుమ కింద కండ జారింది. తల కాస్త వంచితే చాలు, రెండు మడతలు పడుతోంది. ఇన్నేళ్ళుగా గీసుకుంటున్న గడ్డమే. ఎప్పుడూ పట్టించుకోలేదు. ఆ రోజు నుంచి ముఖంలో అదొక్కటే కనబడసాగింది.

ముందు గడ్డం పెంచి చూశాడు. సరిగ్గా అక్కడే తెల్లగా వచ్చింది. తీసేశాడు. రాత్రిళ్ళు అన్నం మానేసి జొన్నరొట్టె తిన్నాడు. కాలవ గట్టు మీద నడిచాడు. నడుం దగ్గర ప్యాంటు వదులైంది గానీ గదుమ కింద కండ కదల్లేదు. చివరికి, మిరపకాయల యార్డులో పనుందని ఊళ్ళో చెప్పి గుంటూరు వెళ్ళాడు.

మొదట వెళ్ళింది ఒక స్కిన్ క్లినిక్‌కి. కౌంటర్ దగ్గరున్న అమ్మాయి గడగడా చెప్పుకుపోయింది. "కోత లేదు సార్, కుట్లు లేవు. ఇంజెక్షన్ ఇస్తాం, కొవ్వు కరిగిపోద్ది. కొన్ని సిట్టింగులు పడతాయి. ఫ్యామిలీతో వస్తే డిస్కౌంటు కూడా ఉంది సార్. మేడంగారిని కూడా తీసుకురండి."

బాలు ఆమె ఇచ్చిన రేట్ల కాగితం మడిచి జేబులో పెట్టుకుని బయటికొచ్చాడు.

రెండోసారి ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికి వెళ్ళాడు. డాక్టరు పెద్దావిడ. బయట బెంచీల మీద కాలిన చేతులవాళ్ళు, యాక్సిడెంట్లో ముఖం చితికినవాళ్ళు కూర్చున్నారు. వాళ్ళ మధ్య కూర్చోడానికి సిగ్గేసింది. లోపలికి పిలవగానే, "నాది జబ్బు కాదండీ," అని మొదలుపెట్టాడు.

"సరే. ఇటు తిరగండి."

ఆవిడ వేళ్ళతో గదుమ కింద కండ పట్టి చూసింది. పైకి చూడమంది. మెడ బిగించమంది. గుటక వేయమంది. చెవుల దాకా తడిమి, చర్మం లాగి వదిలింది. మంగలి తప్ప ఆ ముఖాన్ని ఒకరు ముట్టుకుని ఎన్నేళ్ళయిందో. బాలు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"నొప్పా?"

"లేదండి."

ఆవిడ ఇంకేమీ అడక్కుండా, నింపాదిగా చెప్పింది. "చూడండి, చర్మం వదులైతే మెడ బిగించే ఆపరేషన్ చెయ్యాలి. మీకు ఆ అవసరం లేదు, చర్మం గట్టిగానే ఉంది. ఉన్నదల్లా కొవ్వు. సన్నటి గొట్టం పెట్టి లాగేస్తే సరిపోతుంది. ఇంజెక్షన్లు కొవ్వు కొద్దిగా ఉన్నవాళ్ళకి. మీకైతే చాలాసార్లు పొడవాలి. ఇంకొకటి, మీ గదుమ ఎముక కాస్త వెనక్కుంది. అక్కడ చిన్న ఇంప్లాంట్ పెడితే ముఖం ఇంకా తేరుతుంది. అది మీ ఇష్టం. ముందు థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి."

బాలు ఊరికొచ్చి ఆ మాటలే తిప్పి తిప్పి ఆలోచించాడు. సలహా అడగడానికి పక్కన మనిషి లేడు. పరీక్షలో ఏమీ లేదని తేలాక మళ్ళీ వెళ్ళాడు.

"తీసేది చాలండి. పెట్టేది వద్దు."

"ఎందుకని?"

"ఎముక మా నాన్నదండి. కండ నేను తెచ్చుకున్నది."

ఆవిడ తలూపింది. "మంచిది. ఆ రోజు మీతో ఎవరొస్తారు? సంతకానికి మనిషి కావాలి. ఒక్కరే రాకూడదు."

బస్సులో కూర్చుని ఫోన్‌లో పేర్లన్నీ చూసుకున్నాడు. పురుగుమందుల కొట్టు, కోల్డ్ స్టోరేజీ, ట్రాక్టరు, కూలీల మేస్త్రి. అన్నీ పనుల పేర్లే. చివరికి బుడేకి చేశాడు. బుడే పదో తరగతి దాకా కలిసి చదువుకున్నవాడు. మినీ లారీ నడుపుతాడు. బాలు మిరపకాయలు యార్డుకి చేరవేసేది అతనే.

"ఏరా, బండి కావాలా?"

"బండొద్దు. నువ్వు కావాలి." సంగతి చెప్పాడు.

బుడే పెద్దగా నవ్వాడు. ఇటు నుంచి నవ్వు రాకపోయేసరికి ఆగాడు. "ఎప్పుడు రమ్మంటావ్?" అన్నాడు.

ఎండాకాలం చివర, పొలంలో పనుల్లేని రోజుల్లో ఆపరేషన్ అయింది. నర్సు కాగితం తెచ్చి, "పేషెంటుకి మీరేమవుతారు?" అంది.

"స్నేహితుణ్ణి."

"చుట్టాలెవరూ రాలేదా?"

"నేనున్నాగా అమ్మా. సంతకం ఎక్కడ పెట్టాలి?"

మధ్యాహ్నం బాలుని గదిలోకి తెచ్చేసరికి గడ్డం కింది నుంచి నడినెత్తి దాకా పట్టీ బిగించి ఉంది. బుడే భార్య రుక్సానా ఫ్లాస్కులో జావ పోసి పంపింది. బుడే చెంచాతో తాగించాడు. బాలుకి పెదవి మాట వినలేదు. జావ కారి చొక్కా మీద పడింది. బుడే తువ్వాలుతో తుడిచి, మళ్ళీ చెంచా ముంచాడు. సాయంత్రం డాక్టరు చూసి వెళ్ళమన్నాక, బండిలో తెచ్చి ఇంటి దగ్గర దింపాడు.

తర్వాత రోజులు బాలు అనుకున్నంత తేలిగ్గా పోలేదు. ఉక్కలో ఆ పట్టీ నరకం. బయటికెళ్తే తువ్వాలు చుట్టుకుని, పన్ను పీకించుకున్నానని చెప్పేవాడు. వాపు గట్టిగా ఉంది. నీలంగా కమిలిన చోటు పసుపురంగుకి తిరిగింది. గడ్డం ముట్టుకుంటే స్పర్శ తెలియడం లేదు. తన వేలు వేరేవాళ్ళ ముఖానికి తగిలినట్టుంది. భయపడి డాక్టరుకి ఫోన్ చేస్తే, కొన్నాళ్ళకి అదే వస్తుందంది. నెమ్మదిగా వచ్చింది.

వానలు పడి పత్తి మొలకెత్తేసరికి గదుమ గీత తేలింది. ఊళ్ళో ఒక్కరూ అది గమనించలేదు. "ఏంటి చిక్కావ్? షుగరొచ్చిందా?" అని మాత్రం అడిగారు.

కోటిరత్నం కొత్త ఫొటో చూసి సంబరపడింది. సింగరాయకొండ నుంచి కబురొచ్చింది. అమ్మాయి పేరు మాధురి. ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తుంది. పెళ్ళి వాయిదా పడుతూ పడుతూ ఆమెకీ వయసు మీదపడింది. కాఫీలయ్యాక, మాట్లాడుకోమని ఇద్దర్నీ వరండాలో వదిలారు.

"ఫొటో చూసి అమ్మ ముచ్చటపడింది," అంది మాధురి. "మీరు ఫొటోలో ఉన్నట్టే ఉన్నారు. చాలామంది అలా ఉండరు."

బాలుకి గుండె తేలికైంది.

"కానీ మీతో అబద్ధం చెప్పలేనండి. పోయినేడు మీ పాత ఫొటో వచ్చినప్పుడూ నేనే వద్దన్నాను."

"గడ్డం చూసి వద్దన్నారా?"

ఆమెకి అర్థం కాలేదు. "గడ్డమా? అదేం లేదండి. ఊరు వద్దనుకున్నాను. ఇప్పుడూ అంతే. పొద్దున్నే మీరు పొలం వెళ్ళిపోతారు. సాయంత్రం దాకా ఆ ఇంట్లో నేనొక్కదాన్నే. నాతో ఎవరు మాట్లాడతారు? తల్చుకుంటేనే భయమేస్తుంది."

ఏదో ఒకటి చెప్పి ఒప్పించి ఉండొచ్చు. చుట్టూ మంచివాళ్ళున్నారని అనొచ్చు. కానీ ఆ ఇల్లు ఎలా ఉంటుందో బాలుకి తెలిసినంత ఎవరికీ తెలియదు.

"నిజమేనండి," అన్నాడు. "అలాగే ఉంటుంది."

మాధురి లోపలికెళ్ళి ఇంకో కప్పు కాఫీ తెచ్చిచ్చింది. దాన్ని బాలు నిదానంగా తాగి లేచాడు.

తిరుగు రైల్లో కిటికీ అద్దంలో తన ముఖం కనబడింది. బాగానే ఉంది. చేయించుకున్నందుకు విచారించలేదు. చీరాల్లో దిగేసరికి కోటిరత్నం ఫోన్ చేసింది. "పోనీలే అబ్బాయ్, ఇంకోటి చూద్దాం."

"చూడండి పిన్నిగారూ. ఈసారి ముందే ఊరి సంగతి చెప్పండి."

ఇంటికొచ్చి తాళం తీశాడు. బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాడు. పత్తిలో కలుపు తీయించాలని గుర్తొచ్చి మేస్త్రి పేరయ్యకి ఫోన్ చేశాడు. రేపు మనుషుల్ని పంపుతానన్నాడు పేరయ్య. అయిపోయిన మాటే. అయినా బాలు పెట్టెయ్యలేదు. మీ పెద్దమ్మాయి చదువెలా ఉందని అడిగాడు, గేదె ఈనిందా అని అడిగాడు. అవతల పేరయ్య చెప్తున్నంతసేపూ, ఊ కొడుతూ, అన్నం పొంగకుండా మూత పక్కకి జరిపి నిలబడ్డాడు.