ఆమెన్ అనకు బేబాంగ్

మా మాంగ్ డోరో, అదే డోరో మామ, ఏం మాట్లాడినా చివర "ఇది మందు కాదు, ఏ జబ్బుకీ మందుగా వాడరాదు" అని తగిలించందే ఆ ముసలాడి నోరు మూతపడదు.

రోజూ పొద్దున్నే నా హోటలుకొచ్చి చింతపండు చేపల పులుసు తాగుతాడు. "అబ్బ, చోలెంగ్! ప్రాణం లేచొచ్చిందే!" అని నన్ను మెచ్చుకుంటాడు. పక్కబల్లల వాళ్లు నోరూరి ఇటు తిరుగుతారు. నేను గరిటె ఎత్తేలోపు గొంతు సవరించుకుంటాడు. "అయితే ఇది మందు కాదు..."

"నీ నోరు పడిపోను! నేనెప్పుడన్నా మందన్నానా?"

"నువ్వనలేదు. అనుకునేవాళ్లుంటారుగా."

మా మేనకోడలి పెళ్లిలో దీవించమని మైకిచ్చాం, బుద్ధి తక్కువై. "నూరేళ్లు చల్లగా ఉండండి. పెళ్లి మందు కాదు, ఏ జబ్బుకీ..." పెళ్లికొడుకు తల్లి ఇప్పటికీ నన్ను చూస్తే మొహం తిప్పుకుంటుంది.

ఈ పిచ్చి ఆయనకి మా ఊరి రేడియో ఉద్యోగంలో అంటుకుంది. బలం గోళీల ప్రకటనకి తోక రోజూ స్టూడియోలో కూర్చుని చదివేది ఆయనే. ముందు ఒక పిల్ల తేనె పూసిన గొంతుతో, "మా అత్తగారు కర్ర పారేసి డాన్సు చేస్తోందండీ!" అంటుంది. ఆ వెంటనే మాంగ్ డోరో ఒక్క ఊపిరిలో "ఇదిమందుకాదేజబ్బుకీమందుగావాడరాదు!" అని దులిపేస్తాడు. సర్కారు రూలు గనక ఆ ముక్క చెప్పి తీరాలి. అది జనానికి అర్థం కావాలని మాత్రం కంపెనీకేం లేదు.

మా వీధి చివర ఆకుల్లో చుట్టిన సుమాన్ అన్నం అమ్మే ఆలింగ్ బేబాంగ్ ఒకరోజు కుంటుకుంటూ వచ్చింది. కాలివేలికి పుండు. ఆవిడకి షుగరని ఊరంతటికీ తెలుసు.

"మాత్రలు వేసుకుంటున్నావా?" అన్నాను.

"అవెందుకే? రేడియో గోళీ ఉందిగా! డాక్టరు మాత్రకి ప్రార్థన ఉందా? దీనికుంది."

"ప్రార్థనేంటి?"

"చివర్లో గడగడా చదువుతారే, చర్చిలో ఫాదరులా లాటిన్లో! నేను ఆమెన్ అనుకుని గోళీ మింగుతా."

మాంగ్ డోరో చెంచా పులుసులో పడింది. "బేబాంగ్! ఆ చదివేది నేనే! అది లాటినూ కాదు, ప్రార్థనా కాదు. ఇది మందు కాదు అని చెబుతున్నా!"

"చాల్లే! పులుసునీ అదే అంటావ్, పెళ్లినీ అదే అంటావ్. నీ మాట నమ్మాలా, రేడియో మాట నమ్మాలా?"

పాపం, ఆయన చెంచా కూడా తీసుకోకుండా లేచాడు. పులుసు వదిలేసి వెళ్లిపోయాడు.

మర్నాడు బజారంతా రేడియోలు మోగుతున్నాయి. అత్తగారు డాన్సు చేసేసింది. తర్వాత మాంగ్ డోరో గొంతు, తాపీగా, ఒక్కో మాటా విడివిడిగా: "ఇది. మందు. కాదు. ఏ జబ్బుకీ. మందుగా. వాడరాదు. బేబాంగ్, ఆమెన్ అనకు! డాక్టరు దగ్గరికి నడు!"

వెనకాల మేనేజరు స్టూడియో అద్దం బాదుతున్న చప్పుడు కూడా వినబడింది. బజారంతా పగలబడి నవ్వింది. బేబాంగ్ మొహం కందగడ్డ. తిట్టుకుంటూనే డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఇంకా ఆలస్యమైతే వేలు తీసేయాల్సొచ్చేదన్నాడట ఆయన.

మాంగ్ డోరో ఉద్యోగం ఆ సాయంత్రమే ఊడింది.

"ఎలాగూ పోయిందిగా, ఇప్పుడన్నా చెప్పు. ఇన్నేళ్లూ నా పులుసు మీద పడి ఏడ్చావెందుకు?" అన్నాను.

"అక్కడ ఆ మాటల్ని పరిగెత్తించేవాళ్లు చోలెంగ్. ఒక్క ముక్కా ఎవరికీ అందేది కాదు. అందుకే బయట మెల్లగా చెప్పుకుంటూ తిరిగా. ఎవరో ఒకరి చెవిన పడకపోతుందా అని."

నాకు ముద్దొచ్చాడు ముసలాడు. రెండు గరిటెలు ఎక్కువే పోశాను.

పుండు మానాక బేబాంగ్ చెప్పులేసుకుని టకటకా వచ్చింది. వేడి సుమాన్ ఒకటి ఆయన ముందు పెట్టి, అందరికీ వినబడేలా గొంతు సవరించుకుంది.

"ఇది ప్రేమ కాదు. ప్రేమగా వాడరాదు."

మాంగ్ డోరో ఆకు విప్పుతూ, "ఆమెన్," అన్నాడు.