యమున పార్శిళ్ల ముహూర్తం

యమున పంపే చీరల పార్శిళ్లలో మంత్రం ఉంటుందని గద్వాలలో ఒక మాట లేచింది. బీచుపల్లి ఆంజనేయుడి సింధూరం చీర మడతల్లో పెడుతుందట. నిమ్మకాయ దిగదీసిగానీ కొరియర్ ఆఫీసు మెట్లెక్కదట. అందుకే ఆమె పంపిన చీర ఒక్కటీ వాపసు రాదట. ఇదంతా ఉత్త మాట. ఉత్తదని బాలమణికి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు, ఎందుకంటే అది పుట్టింది బాలమణి నోట్లోనే.

నిజానికి ఆమె అన్నది ఇంతే. దసరా వెళ్లిన మూడో నాడు పిండిగిర్ని దగ్గర జొన్నల సంచి దించుకుంటూ, "మా పక్కింటి యమున పార్శిల్‌కు గూడ ముహూర్తం చూస్తదే! ఏడు పంపితే ఏడూ అమ్ముడుపోయినయ్" అని గిర్ని నడిపే జంగమ్మతో అన్నది. కందిగింజంత మాట పొద్దుగూకేసరికి గుమ్మడికాయంత అయింది. వారం తిరక్కుండానే వనపర్తి నుంచి చీరల వ్యాపారం చేసే ఆమె ఎవరో ఫోన్ చేసి, "అమ్మా, ఆ మంత్రం జర నాకు గూడ చెప్పు, పుణ్యముంటది" అని యమునను బతిమాలిందట. అది విన్న బాలమణి తింటున్న కంచం పక్కకు నెట్టింది. తన నోట జారిన గింజను తనే ఏరుకోవాలి. పనిలో పనిగా, ఇన్నాళ్లూ మనసులో దొలుస్తున్న ఒక సంగతి కూడా అడిగేయాలి.

యమున ఇంటి సంగతి బాలమణికి కొత్త కాదు. గోడకు ఇటువైపు కూర్చుంటే అటు మగ్గం చప్పుడు వినబడుతుంది. యమున భర్త రాజమౌళి ఇరవై ఏళ్లుగా సేటు ఇచ్చిన నూలు, సేటు ఇచ్చిన పట్టు, సేటు చెప్పిన రంగు నేశాడు. చీర మీద సేటు దుకాణం పేరే ఉండేది. యమున కండెలు చుట్టేది, ముడులు వేసేది, నోరు మూసుకునేది. కిందటేడు ఆ నోరు తెరిచింది. "మన చేతుల పుట్టిన చీర మన పేరు మీదనే పోవాలె" అన్నది. నూలు ఒంటికి పట్టు అంచు వేసిన చీరను దండెం మీద ఆరేసి, ఫోన్‌లో ఫొటో తీసి, చీర చేతికందాకే డబ్బులివ్వండని రాసి ఆన్‌లైన్‌లో పెట్టింది. వారంలో అయిదు బేరాలొచ్చాయి. ఆ రోజు బాలమణి ఇంటిక్కూడా గిన్నెడు సేమియా పాయసం వచ్చింది.

పాయసం తీపి నాలుక మీద ఉండగానే చీరలు తిరిగి రావడం మొదలైంది. పోయేటప్పుడు ఎంత ఖర్చో వచ్చేటప్పుడూ అంతే, రెండూ యమున నెత్తినే. చీర మీద మిగిలేది ఆ రానుపోను చార్జీలకే సరిపోయేది. కవర్ల మీద చూస్తే "ఇంట్లో ఎవరూ లేరు" అని ఒక ముక్క.

"ఇంట్ల ఎవ్వరు లేకుండ ఇండ్లెట్ల నడుస్తయే?" అని రాజమౌళి తల పట్టుకున్నాడు. "గిదంత మనతోని కాదు. సేటు నూలే నయం."

"ఇంకొన్నాళ్లు చూద్దామయ్యా."

"దసరా దాక చూస్త. ఒక్కటి వాపస్ వచ్చినా మల్ల కూలి నేతకే పోత. అప్పుడు నువ్వు అడ్డం రావొద్దు."

సరిగ్గా పెద్దల అమావాస్య పెత్రమాసకు ముందువారం, మంగళవారం నాడు, ఒకేసారి ఏడు చీరలకు బేరాలొచ్చాయి. ఏడూ హైదరాబాదు ఇళ్లకే. బాలమణి మజ్జిగ తోడు కోసమని వెళ్లేసరికి ఏడు పార్శిళ్లూ మంచం మీద వరసగా ఉన్నాయి. యమున గోడ క్యాలెండర్ ముందు నిలబడి, పెదాలు కదుపుతూ వేళ్లు మడుస్తోంది. గూట్లో వాపసొచ్చిన కవర్ల మీది చీటీలన్నీ దారానికి గుచ్చి ఉన్నాయి.

"ఏందే పిల్లా, పెండ్లి గిట్ల పెట్టుకున్నవా?"

"పార్శిల్‌కత్తా! ఇయ్యాల ఏస్తే బేస్తవారం చేరుతది, పెద్దలకు బియ్యమిచ్చే దినాలు, కొత్త బట్ట ఎవరు ముట్టరు. రేపేస్తే సుక్కురారం. ఎవరన్న సుక్కురారం నాడు లక్ష్మిని గడప దాటిస్తరా? శనారం ఏస్త. ఆయితారం పెత్రమాస దాటి సోమారం చేరుతది."

"ఇప్పుడందరు ఫోన్లనే పైసలు కొడుతున్నరు గదనే."

"ఫోన్ల ఉంటే లక్ష్మి కాకుండ పోతదా?" అన్నది యమున.

మగ్గం గుంతలోంచి రాజమౌళి లేచాడు. "బతుకమ్మ ముంగట చీరలు ఆపుకొని కూసుంటరా ఎవరన్న? వాళ్లు వేరే దగ్గర కొనుక్కుంటరు! అత్తా, నువ్వన్న చెప్పు జర."

బాలమణి జన్మలో మొదటిసారి ఎవరి పక్షమూ పలకలేదు. ఏమవుతుందో చూడాలన్న ఆశ ఆమె నోటికి తాళం వేసింది.

యమున ఏడిళ్లకూ ఫోన్ చేసింది. "అమ్మా, చీర సోమారం వస్తది. ఇంట్ల ఉంటరా?" ఆరుగురు సరేనన్నారు. ఏడో ఆమె మాత్రం, ఇంత ఆలస్యమైతే చీర నువ్వే కట్టుకో అని కసిరి పెట్టేసింది. అయినా శనివారం ఏడూ పంపింది.

ఆ సోమవారం ఆ ఇంట్లో మగ్గం ఆడలేదు. రాజమౌళి వాకిట్లోకీ లోపలికీ తిరిగి తిరిగి చెప్పులరగదీశాడు. బాలమణి ఆ ఒక్కరోజే నాలుగుసార్లు తోడు అడగడానికి వెళ్లింది. పదకొండింటికి ఒకటి తీసుకున్నారని ఫోన్‌కు కబురొచ్చింది. భోజనాల వేళకు నాలుగు. చీకటి పడేలోపు ఆరు. ఏడోదానికి కబురు లేదు. రాజమౌళి సేటు ఇంటివైపు చూస్తూ అరుగు మీద కూలబడ్డాడు. అప్పుడు ఫోన్ మోగింది. కసిరిన ఆమే. "ఏమమ్మా, ఇదే అంచుతో మా చెల్లెకొకటి కావాలె. శుక్రవారం మాత్రం పంపకు" అన్నది. రాజమౌళి ఒక్క దూకులో మగ్గం గుంతలో పడ్డాడు. ఆ రాత్రి గోడవతల చప్పుడు ఎంతసేపు వినబడిందో, బాలమణికి అంత హాయిగా నిద్ర పట్టింది.

ఇదీ జరిగింది. ఇందులో సింధూరం లేదు, నిమ్మకాయా లేదు. వనపర్తి ఫోన్ సంగతి విన్న మరునాడే బాలమణి పిండిగిర్నికి పోయి ఈ కథంతా జంగమ్మకు చెప్పింది, "ఈసారి ఉన్నదున్నట్టు చెప్పే" అని ఒట్టు కూడా వేయించుకుంది. తర్వాత నేరుగా యమున ఇంటికి నడిచింది. యమున పల్లీల పచ్చడికి మిక్సీ తిప్పుతోంది.

"ఏమే, గా మంత్రం మాట నా నోటి నుంచే పోయింది. తిట్టుకుంటే తిట్టుకో."

"తిట్టుడెందుకత్తా? గా వనపర్తామె నాలుగు చీరలు కొన్నది!"

బాలమణి పీట లాక్కుని కూర్చుంది. "అయితే ఒక్కటడుగుత, దాయకుండ చెప్పు. అన్ని చీటీల మీద ఇంట్ల ఎవరు లేరనే ఉన్నది. వారం చూడాలె, తిథి చూడాలె అని నీకెట్ల తోచిందే? ఎవరు చెప్పిన్రు?"

యమున మిక్సీ ఆపింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, అయినా నవ్వు ఆగలేదు.

"ఎవరు చెప్పలే అత్తా. ఎండకాలం నేను గూడ ఆన్‌లైన్ల గీ మిక్సీ తెప్పిచ్చిన. పార్శిల్ పిలగాడు మొదటిపారి వచ్చి వాకిట్ల నిలబడ్డడు. పైసలు చేతుల పట్టుకొని గడప దాక పోయిన, గప్పుడు యాదికొచ్చె సుక్కురారమని. తలుపు సందుల నుంచి నేనే చెప్పిన, ఇంట్ల ఎవ్వరు లేరని."