గోడ దాటిన కేబుల్

మా ఆవిడ తమ్ముళ్లిద్దరూ రాజాంలో బియ్యం మిల్లు పంచుకున్నప్పుడు పంచలేక వదిలేసినవి రెండు: అందరికీ నోటికొచ్చిన పాత ఫోన్ నంబరు, నేను.

ఆఫీసు గదికి అడ్డంగా గోడ లేచింది. పెద్దతను ధాన్యం కొనుగోలు, చిన్నతను బియ్యం అమ్మకం తీసుకుని మాటలు మానేశారు. సెల్‌ఫోన్లలోంచి ఒకరి నంబరు ఒకరు తీసేశారు. ఇంటి అల్లుణ్ణి కాబట్టి ఇద్దరి ఆఫీసు పనీ నేనే చూస్తాను. పాత నంబరుకి వచ్చే కాల్స్ మాత్రం పెద్దతని గదిలోని ఫోన్ క్యాబినెట్‌కే వస్తాయి. ఏ కాల్ ఏ బల్ల మీద మోగాలో చూసుకునే ఇనప పెట్టె అది. బియ్యం కోసం బొబ్బిలి నుంచి ఎవరైనా చేస్తే నేను చెప్పులేసుకుని, వీధిలోంచి చుట్టూ తిరిగి, అవతలి గదిలో చెప్పాలి. అన్నదమ్ముల మాటలకీ అదే దారి. ఒకరి మాట మోసుకెళ్లేటప్పుడు అందులో విసురు తీసేసి చెప్పాలి. తీసేసిందంతా నా దగ్గరే ఉండిపోయేది. అన్నం దగ్గర మా ఆవిడ "ఆళ్లిద్దరూ మాటాడుకున్నారేటి?" అనేది. లేదని చెప్పడం నాకు అన్నిటికన్నా కష్టంగా ఉండేది.

చిన్నతను తన గదిలోనూ అలాంటి క్యాబినెట్టే పెట్టించాడు. రెంటినీ నెట్‌వర్క్ కేబుల్‌తో కలిపితే కాల్ దానంతటదే అవతలికి వెళ్తుందని ఫోన్ మెకానిక్ అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

కేబుల్ కొనే దగ్గర పంపకం మళ్లీ మొదలైంది. "నా సగం నాను కొంతాను, ఆడి సగం ఆడిని కొనుక్కోమను" అన్నాడు పెద్దతను. అవతలికెళ్తే చిన్నతనూ అదే అన్నాడు. పెద్దతను అచ్చ రాగిది, బూడిద రంగుది తెచ్చాడు. చిన్నతను అల్యూమినియానికి రాగి పూసినది, నీలం రంగుది తెచ్చాడు. కొత్త గోడకి రంధ్రం పెట్టడానికి ఇద్దరూ ఒప్పుకోలేదు కాబట్టి పెరటి వైపు నుంచి తిప్పారు. పెరట్లో కూడా లేచిన అడ్డగోడ నెత్తి మీద, సరిగ్గా మధ్యలో, ఎవరి వైపూ వేలెడు ఎక్కువ కాకుండా కొలిచి, మిల్లు ఎలక్ట్రీషియన్ చేత రెండు ముక్కలూ మెలిపెట్టించి టేపు చుట్టించారు. ఇంత న్యాయంగా వేసిన కేబుల్ జిల్లాలో ఇంకోటి ఉండదు. అందులోంచి మాటలు మాత్రం ముక్కలుగా వచ్చేవి. బొబ్బిలి ఆసామి ఎంతో చెప్పాడు. చిన్నతనికి "అర్జెంటు" అన్నదొక్కటే వినిపించింది. నేను మళ్లీ చెప్పులేసుకున్నాను.

మధ్యలో అతుకు పనికిరాదని, రాగిదే అయి ఒక్క ముక్కగా ఉండాలని, ఎండకీ వానకీ ఆగే నల్ల తొడుగుది కొనమని మెకానిక్ చెప్పాడు. ఆ ఒక్క ముక్క ఎవరు కొనాలి? పెద్దతను కొంటే చిన్నతని గదిలోకి అన్న సొత్తు వచ్చినట్టు. చిన్నతను కొన్నా అదే గొడవ. చివరికి విజయనగరం వెళ్లి నేనే తెచ్చాను. అల్లుడు తెచ్చినదాన్ని వద్దనడం ఆ ఇంట్లో మర్యాద కాదు. రంగు మాత్రం వద్దన్నారు. లక్ష్మి తిరిగే చోట నల్లదేటని ఇద్దరూ ఒకే మాటన్నారు, విడివిడిగా, నాతోనే. తెల్ల పైపులో దూర్చి బిగించాం.

కలిపిన రోజు నేను చిన్నతని గదిలో ఉన్నాను. ఫోన్ మోగింది. అతను ఎత్తాడు.

"బావ అక్కడున్నాడేటి? ఇలగ పంపు" అంది పెద్దతని గొంతు, నాకు కూడా వినిపించేంత గట్టిగా.

"పంపుతన్నాను" అని పెట్టేశాడు చిన్నతను.

అన్నాళ్ల తర్వాత వాళ్లు మాట్లాడుకున్నది నా గురించి. సంతోషించాలో ఏడవాలో తెలియక చెప్పులేసుకుని వెళ్లాను. పెద్దతను కాసేపు బల్ల మీది కాగితాలు సర్దాడు.

"ఆడి గొంతేటి బావా అలగున్నాది? జలుబు సేసినాదేటి? ఓపాలి ఎల్లి కనుక్కో."

నేను చెప్పులు విడిచి బెంచీ కిందకి తోసేసి కూర్చున్నాను.

"కేబులేసినాం కదా. నువ్వే అడుగు."

నా వంక చూశాడు. గోడ వంక చూశాడు. నంబరు నొక్కాడు. "ఒరే" అన్నాడు. అవతలి నుంచి తమ్ముడి దగ్గు వినిపించింది, ముక్కలు కాకుండా, మొత్తం.